కెమెరాను సిద్ధం చేసుకుందాం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక పల్లె అనుకుందాం. ఊరికి ఒకవైపు పత్తి చేలు. ఇంకోవైపు మిరప తోటలు. ఆ ఊళ్లో ఒక పొదుపు సంఘం ఉంది. సంఘం అక్కలంతా కలిసి ఒక కెమెరా కొన్నారు. అది లెన్సు మార్చుకునే డిజిటల్ కెమెరా. పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీస్తే నాలుగు డబ్బులు వస్తాయని వాళ్ల ఆశ.

ఇంతలో మిరప తోటలకు పురుగు పట్టింది. పూత రాలిపోయింది. ఒక అక్క తన తోటను ఫొటో తీసింది. వ్యవసాయ అధికారికి చూపించింది. ఆయన ఫొటోను కంప్యూటరులో తెరిచాడు. దాని తేదీ చూశాడు.

"ఏమ్మా, ఇది ఎన్నో ఏళ్ల కిందటి ఫొటో కదా?" అని అడిగాడు.

"అయ్యో, కాదు సారూ! నిన్న పొద్దున తీసిందే!" అంది అక్క.

అక్క చెప్పింది నిజమే. కాని ఫొటో వేరే మాట చెబుతోంది. ఎందుకని? కెమెరాలో తేదీ ఎవరూ పెట్టలేదు. కొత్త కెమెరాకు ఇవాళ ఏ రోజో తెలియదు. మనం చెప్పాలి.

కెమెరా కొనటంతో పని అయిపోదు. దాన్ని సిద్ధం చేసుకోవాలి. దుక్కి దున్నకుండా విత్తనం వేస్తామా? ఇదీ అంతే. ఎట్లా సిద్ధం చేయాలో తెలుసుకుందాం.

పస్తాపూర్ అక్కల కథ

"కెమెరా ఆడవాళ్లకెందుకు? చదువు రానివాళ్లకెందుకు?" అని కొందరంటారు. ఆ మాటకు జవాబు పస్తాపూర్‌లో ఉంది.

పస్తాపూర్ తెలంగాణలోని జహీరాబాద్ దగ్గర ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఒకప్పుడు మెదక్ జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దానిలో చాలా ఊళ్ల మహిళా సంఘాలు ఉన్నాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల ఆడవాళ్లు. చిన్న కమతాల రైతులు, కూలీలు. వాళ్లలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి అక్షరాలు రావు. అయినా నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు అని పెట్టుకున్నారు.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఈ అక్కలు కెమెరా పట్టుకొని వరంగల్ ఊళ్లకు వెళ్లారు. పత్తి రైతుల్ని అడిగారు. "ఎంత పెట్టుబడి అయింది? ఎంత పండింది?" అని అడిగి చిత్రం తీశారు. ఆ చిత్రం 2003లో బయటికి వచ్చింది. రైతుల మాటను ఊరు దాటించింది.

ఈ అక్కలు కెమెరా చూపులకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్. దొర ఎప్పుడూ పైనుంచే చూస్తాడు కదా! ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ సమానమే కదా! చూశారా, ఎంత తెలివైన పేర్లో!

వాళ్లు నేర్చుకున్నారు. మనమూ నేర్చుకోవచ్చు.

కెమెరాలో ఏముంటుంది?

ఈ కెమెరాలో రెండు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. ఒకటి ఒళ్లు. దాన్ని బాడీ అంటారు. రెండోది కన్ను. అదే లెన్సు. రెండూ విడివిడిగా వస్తాయి.

వెలుగు లెన్సులోంచి లోపలికి వెళ్తుంది. లోపల ఒక చిన్న పలక ఉంటుంది. దాని పేరు సెన్సరు. వెలుగు దాని మీద పడుతుంది. బొమ్మ తయారవుతుంది. ఆ బొమ్మను కెమెరా ఒక చిన్న కార్డులో దాస్తుంది.

పాతకాలంలో సెన్సరు లేదు. ఫిల్ము రీలు ఉండేది. రీలు కడిగితేనే బొమ్మ కనిపించేది. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ రీలు లేని కెమెరా తయారు చేశాడు. ఒక్క బొమ్మను టేపు మీద ఎక్కించటానికి దానికి 23 సెకన్లు పట్టింది. ఇప్పుడు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది.

లెన్సు ఎందుకు మార్చాలి?

అత్తకు సూదిలో దారం ఎక్కించటానికి ఒక కళ్లద్దాలు కావాలి. రోడ్డు మీద బస్సు బోర్డు చదవటానికి వేరే అద్దాలు కావాలి. కెమెరా కూడా అంతే.

సాధారణంగా కెమెరాతో పాటు ఒక లెన్సు ఇస్తారు. చాలా కెమెరాలకు దాని మీద 18-55 అని అంకెలు ఉంటాయి. చిన్న అంకె దగ్గర పెడితే వెడల్పుగా కనిపిస్తుంది. కల్లం మొత్తం ఫొటోలో పడుతుంది. పెద్ద అంకె దగ్గర పెడితే మనిషి ముఖం దగ్గరగా కనిపిస్తుంది.

దూరంగా ఉన్నవాటికి టెలి లెన్సు ఉంటుంది. పురుగు, ఆకు లాంటి చిన్నవాటికి మాక్రో లెన్సు ఉంటుంది. అన్నీ ఒక్కసారే కొనొద్దు. మొదటి లెన్సుతో చేయి తిరగనివ్వండి. ఏ పనికి ఏది కావాలో అప్పుడు తెలుస్తుంది. ఒక కంపెనీ కెమెరాకు ఇంకో కంపెనీ లెన్సు అన్నిసార్లూ పట్టదు. కొనేముందు పెట్టి చూడాలి.

పెట్టె విప్పాక చేయాల్సిన పనులు

1. లెక్క చూసుకోండి. బాడీ, లెన్సు, బ్యాటరీ, చార్జరు, మెడ పట్టీ, మూతలు ఉండాలి. బిల్లు, గ్యారంటీ కాగితం దాచుకోండి. కార్డు చాలాసార్లు పెట్టెలో ఉండదు. విడిగా కొనాలి.

2. బ్యాటరీని నిండా చార్జి చేయండి. చార్జరు మీద చిన్న దీపం ఉంటుంది. నిండితే అది మారుతుంది. పల్లెల్లో కరెంటు పోతుంటుంది. ఫంక్షను పని ఒప్పుకుంటే రెండో బ్యాటరీ ఉండాలి.

3. మెడ పట్టీ కట్టండి. కట్టాక గట్టిగా లాగి చూడండి. చేయి జారినా కెమెరా కింద పడదు.

4. లెన్సు బిగించండి. ఇది గాలి, దుమ్ము లేనిచోట చేయాలి. ముందు కెమెరా ఆపేయండి. బాడీ మీద ఒక చుక్క ఉంటుంది. లెన్సు మీద ఒక చుక్క ఉంటుంది. చుక్కకు చుక్క కలపండి. మెల్లగా తిప్పండి. కొన్ని కంపెనీలవి కుడికి తిరుగుతాయి. కొన్ని ఎడమకు తిరుగుతాయి. టక్ అని శబ్దం వచ్చేదాకా తిప్పాలి. బలం పెట్టొద్దు. తీసేటప్పుడు పక్కన ఉన్న బొత్తాం నొక్కి తిప్పాలి. లోపల వేలు పెట్టొద్దు.

5. బ్యాటరీ, కార్డు పెట్టండి. రెండూ ఒకవైపే పడతాయి. పట్టకపోతే తిప్పి పెట్టండి. చాలా కార్డులకు పక్కన చిన్న మీట ఉంటుంది. అది తాళం. తాళం పడి ఉంటే ఫొటో ఎక్కదు.

6. కెమెరా వేసి భాష, తేదీ పెట్టండి. కొన్ని కెమెరాల్లో తెలుగు కూడా ఉంటుంది. వెతకండి. లేకపోతే చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. గుర్తులు చూసి నేర్చుకోండి. తరువాత సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం సరిగ్గా పెట్టండి. పగలా, రాత్రా అన్నది కూడా చూడండి. బ్యాటరీ తీసి చాలా రోజులు పక్కన పెడితే తేదీ చెరిగిపోవచ్చు. అందుకని ముఖ్యమైన ఫొటో తీసేముందు ఒకసారి తేదీ చూసుకోవాలి.

7. కార్డును ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ అంటే పలకను తుడిచినట్టు. కార్డు మన కెమెరాకు తగినట్టు తయారవుతుంది. జాగ్రత్త! ఫార్మాట్ చేస్తే కార్డులో ఉన్న ఫొటోలన్నీ పోతాయి. పాత ఫొటోలు వేరేచోట దాచాకే ఈ పని చేయాలి.

8. మీ కంటికి కెమెరాను సరిచేయండి. చూసే కంత పక్కన చిన్న చక్రం ఉంటుంది. చూపు కొంచెం తగ్గినవాళ్లు దాన్ని తిప్పాలి. లోపలి అంకెలు తేటగా కనిపించేదాకా తిప్పాలి. చాలామంది "నా కళ్లు పోయాయి, నావల్ల కాదు" అని కెమెరా పక్కన పెట్టేస్తారు. కళ్లు పోలేదు. చక్రం తిప్పలేదు. అంతే.

9. ఫొటో నాణ్యత ఎక్కువలో పెట్టండి. అప్పుడు ఫొటోను పెద్దది చేసినా చెదరదు.

వెలుగు, కాలువ నీళ్లు

పైన గుండ్రని చక్రం ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే అది ఆటో. అంతా కెమెరానే చూసుకుంటుంది. కొత్తవాళ్లు మొదట ఆటోలో పెట్టి తీయొచ్చు. కాని కెమెరాకు మన పని తెలియదు. అందుకని మూడు కొలతలు నేర్చుకోవాలి.

సాగర్ కుడి కాలువ నీళ్లు చేనుకు వస్తాయి. చేను ఎంత తడుస్తుంది? అది మూడింటి మీద ఉంటుంది. తూము ఎంత వెడల్పు తెరిచాం? ఎంతసేపు తెరిచాం? నేల ఎంత తొందరగా తాగుతుంది? కెమెరాలో వెలుగే నీళ్లు.

తూము వెడల్పు పేరు అపెర్చరు. దీని అంకె తిరకాసుగా ఉంటుంది. అంకె చిన్నదైతే కంత పెద్దది. అంకె పెద్దదైతే కంత చిన్నది. దీన్ని వంతులతో గుర్తుపెట్టుకోవచ్చు. రెండో వంతు అంటే సగం. నాలుగో వంతు అంటే పావు. సగం కంటే పావు చిన్నది కదా! ఎఫ్ 4 పెడితే కంత పెద్దది. మనిషి ముఖం తేటగా, వెనక మసకగా వస్తుంది. ఎఫ్ 11 పెడితే కంత చిన్నది. ముందున్న మొక్క, వెనకున్న సాలు రెండూ తేటగా వస్తాయి.

ఎంతసేపు తెరిచామో దాని పేరు షట్టరు వేగం. సెకనులో 500వ వంతు పెడితే పరుగెత్తే పిల్ల కూడా ఆగినట్టు వస్తుంది. సెకనులో 15వ వంతు పెడితే చేయి వణికినా బొమ్మ చెదురుతుంది.

నేల తాగే గుణం పేరు ఐ.ఎస్.ఓ. ఎండలో 100 గాని 200 గాని చాలు. రాత్రి పెళ్లి పందిట్లో 1600 దాకా పెంచాల్సి రావచ్చు. మరీ పెంచితే బొమ్మ ముతక బట్టలాగా చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఒకటి తగ్గితే ఇంకొకటి పెంచాలి. అంతే సూత్రం.

షట్టరు బొత్తాన్ని రెండు దశల్లో నొక్కాలి. ముందు సగం నొక్కండి. కెమెరా గురి చూసుకుంటుంది. చిన్న గడి వెలుగుతుంది. తరువాత పూర్తిగా నొక్కండి. లెన్సు పక్కన ఒక మీట ఉంటే అది ఆటో వైపు ఉందో లేదో చూడండి. లేకపోతే గురి మన చేత్తోనే తిప్పాలి.

తెల్ల పత్తి, ఎర్ర మిరప

మన ప్రాంతంలో ఫొటో తీసేవాళ్లకు రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది పత్తి. పత్తి కుప్ప తెల్లగా ఉంటుంది. ఫొటోలో బూడిద రంగులో వస్తుంది. చూసినవాళ్లు నాసిరకం అనుకుంటారు. ఎందుకు ఇట్లా వస్తుంది? కెమెరా ప్రతి వస్తువునూ నడిమి వెలుగులో ఉందనుకుంటుంది. మరీ తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకొని తగ్గిస్తుంది. కెమెరా మీద కూడిక, తీసివేత గుర్తులున్న బొత్తాం ఉంటుంది. దాన్ని కూడిక వైపు 1 దాకా జరపండి. పత్తి తెల్లగా వస్తుంది. ఆ పని అయ్యాక మళ్లీ సున్నా మీద పెట్టండి.

రెండోది మిరప. కాయకు రంగే ధర. మంచి ఎర్ర కాయ ఒక ధర, తాలు కాయ ఒక ధర. నీలం పట్టా కింద మిరపను ఫొటో తీస్తే కాయ రంగు మారిపోతుంది. పట్టా రంగు కాయల మీద పడుతుంది. అందుకని కాయల్ని పట్టా నీడలోంచి బయటికి తెచ్చి తీయండి. తరువాత కెమెరాలో వైట్ బ్యాలెన్సు చూడండి. వెలుగు రంగును సరిచేసేది అదే. ఎండలో తీస్తే సూర్యుడి బొమ్మ పెట్టండి. నీడలో తీస్తే ఇంటి నీడ బొమ్మ పెట్టండి. బల్బు కింద తీస్తే బల్బు బొమ్మ పెట్టండి. అక్షరాలు రాకపోయినా ఈ బొమ్మలు తెలుస్తాయి. కాయల పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫొటోలో కాగితం తెల్లగా ఉంటే కాయ రంగు నిజమైన రంగే.

పంట నష్టాన్ని ఫొటో తీయటం

2021లో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అది పూలలో దాక్కుంటుంది. పొడవు ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. కంటికి సరిగా ఆనదు. అట్లాంటి నష్టం ఫొటోలో కనిపించాలంటే ఒక్క ఫొటో చాలదు. మూడు ఫొటోలు కావాలి.

మొదటి ఫొటో చేను మొత్తానిది. గట్టు మీద చెట్టో, బోరు మోటారో కూడా పడాలి. ఏ చేనో తెలుస్తుంది. రెండోది ఒక మొక్కది. ముడత పడిన ఆకులు, రాలిన పూత కనిపించాలి. మూడోది పురుగుది. పువ్వును తెల్ల కాగితం మీద తట్టండి. పురుగులు కాగితం మీద పడతాయి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి. పురుగు ఎంత చిన్నదో తెలుస్తుంది. మాక్రో లెన్సు ఉంటే ఇక్కడ పనికొస్తుంది. ఎఫ్ 8 గాని 11 గాని పెట్టండి. గాలి ఆగినప్పుడు తీయండి.

పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటుంది. బయటినుంచి తీస్తే ఏమీ కనిపించదు. కాయను చీల్చి లోపల తీయాలి.

ఈ ఫొటోలను కార్డులోంచి చెరపొద్దు. ఇంకోచోట కూడా ఒక నకలు దాచండి. విత్తనాల సంచి, దాని చీటీ, కొన్న బిల్లు కూడా ఫొటో తీయండి. అసలు కాగితాలు పారేయొద్దు. ఫొటో ఉంది కదా అని ఊరికే కూర్చోవద్దు. వెంటనే వ్యవసాయ అధికారికి చెప్పాలి. ఫొటో మన మాటకు తోడు మాత్రమే. మాట మనమే చెప్పాలి.

దుమ్ము, ఘాటు, చెమ్మ

మిరప కల్లంలో దుమ్ము, ఘాటు ఉంటాయి. పత్తి దగ్గర నూగు ఎగురుతుంది. అక్కడ లెన్సు మార్చొద్దు. దుమ్ము సెన్సరు మీద పడితే ప్రతి ఫొటోలో నల్ల మచ్చ వస్తుంది. ఏ లెన్సు కావాలో ఇంటి దగ్గరే బిగించుకొని వెళ్లండి.

లెన్సును చీర చెంగుతో తుడవొద్దు. చెంగులో ఇసుక రేణువులుంటాయి. గీతలు పడతాయి. నోటితో ఊదొద్దు. తుంపర్లు పడతాయి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. తరువాత లెన్సు గుడ్డతో మెల్లగా తుడవండి.

వానాకాలం చెమ్మకు లెన్సు లోపల బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో కెమెరా పెట్టండి. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు అందులో వేయండి. సెకండ్ హ్యాండ్ లెన్సు కొంటే దీపం ముందు పెట్టి లోపల చూడండి. సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే కొనొద్దు.

అడిగి తీయండి

తొడిమలు తీసే కూలి అక్కల్ని, బడి పిల్లల్ని అడగకుండా ఫొటో తీయొద్దు. "తీయనా అమ్మా?" అని అడగండి. వద్దంటే మానేయండి. తీసిన ఫొటో వాళ్లకు చూపించండి. కూర్చున్నవాళ్లను కూర్చునే తీయండి. అది సంఘం షాట్.

మళ్లీ మన సంఘం దగ్గరికి వద్దాం. అక్కలు ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కెమెరా డబ్బాలోంచి తీయగానే ముగ్గురు మూడు పనులు చూస్తారు. ఒకరు బ్యాటరీ చూస్తారు. ఒకరు కార్డు చూస్తారు. ఒకరు తేదీ పైకి చదువుతారు. ఆ తేదీ చదివేది ఆ రోజు అధికారి ముందు మాటపడిన అక్కే.

గుర్తుంచుకోండి

తేదీ, గంట ముందు పెట్టాలి.
లెన్సును దుమ్ములో మార్చకూడదు.
ఫార్మాట్ చేస్తే ఫొటోలన్నీ పోతాయి.
పత్తికి కూడిక గుర్తు, మిరపకు సరైన వెలుగు బొమ్మ పెట్టాలి.
నష్టానికి మూడు ఫొటోలు తీయాలి.

కొత్త మాటలు

లెన్సు: కెమెరా కన్ను.
సెన్సరు: వెలుగు పడి బొమ్మ తయారయ్యే పలక.
అపెర్చరు: వెలుగు వచ్చే కంత.
షట్టరు: వెలుగు కోసం తెరిచి మూసే తలుపు.
వైట్ బ్యాలెన్సు: వెలుగు రంగును సరిచేసేది.

ఆలోచించండి

1. అధికారి మొదట అక్క మాట ఎందుకు నమ్మలేదు?
2. ఎఫ్ 4, ఎఫ్ 11. వీటిలో ఏది పెద్ద కంత?
3. మీ ఊళ్లో ఫొటో తీసి చూపించాల్సిన కష్టం ఏముంది? మీ సంఘంలో మాట్లాడుకోండి.